గండం గడిచింది... ఇక పిల్లలను నిదానంగా చూడండి

కారు నుజ్జునుజ్జయినా లోపలివారంతా నడుచుకుంటూ బయటకు వస్తే కలిగే సంతోషం అంతా ఇంతా కాదు. కానీ ఆ సంతోషంలోనే పిల్లల ఒంట్లో దాగిన గాయం, మనసులో దాగిన భయం కంటికి ఆనకుండా పోతుంటాయి.

‘మాకేం కాలేదు డాక్టర్‌ గారూ, దేవుడి దయ. ఊరికే ఓసారి చూపించుకుని పోదామని వచ్చాం’. జాతీయ రహదారి పక్కనున్న ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే వైద్యులకు ఈ మాట బాగా అలవాటు. అలా అనేవారి చొక్కా మీద ఇంకా గాజుపెంకులు మెరుస్తుంటాయి. చేతులు వణుకుతుంటాయి. చంకనున్న బిడ్డను పరీక్ష కోసం బల్ల మీద పడుకోబెట్టమన్నా ఒక పట్టాన వదలరు. అప్పుడే పరిచయమైన నర్సుకు దండం పెడతారు, స్ట్రెచర్‌ తోసే అతనికి దండం పెడతారు. చావు అంచుల దాకా వెళ్లి, పిల్లలతో సహా వెనక్కి వచ్చినవారి ముఖంలో కనిపించే ఆ వెలుగు మరెక్కడా చూడం.

మనదేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. గాయపడ్డవారు 4.43 లక్షల పైమాటే. ‘ఏమీ కాలేదు’ అనుకుని నేరుగా ఇంటికి వెళ్లిపోయినవారు ఈ లెక్కల్లో ఉండరు. నేను ఈ వ్యాసం రాస్తున్నది ముఖ్యంగా వారి కోసమే.

ఒక కుటుంబం సంగతి చెబుతాను. తిరుమల దర్శనం చేసుకుని కారులో తిరిగి వస్తున్నారు. తెల్లవారుజామున నాలుగున్నర. తండ్రి నడుపుతున్నాడు. తల్లి ముందు సీట్లో, ఒళ్లో నాలుగేళ్ల బాబు. వెనక సీట్లో తొమ్మిదేళ్ల పాప, పక్కన నాయనమ్మ. క్షణకాలం కునుకు పట్టింది. కారు డివైడర్‌ను గుద్దుకుని పక్కకు ఒరిగిపోయింది. వెనక వస్తున్న లారీ డ్రైవరు ఆగి, అద్దం పగలగొట్టి ఒక్కొక్కరినీ బయటకు లాగాడు. మా దగ్గరికి వచ్చేసరికి బాబు నుదుటి మీద రక్తం కారుతోంది. అందరి కళ్లూ వాడి మీదే. రెండు కుట్లు పడ్డాయి. తల్లికి మోచేయి గీసుకుపోయింది. అంతే. పాప మాత్రం గోడకానుకుని నిలబడి ఉంది. నొప్పి ఏమైనా ఉందా తల్లీ అని అడిగితే లేదన్నట్టు తల ఊపింది. గౌను కొంచెం పైకెత్తి చూస్తే బొడ్డుకు కాస్త కిందుగా, అడ్డంగా ఎర్రగా కమిలిన చార కనిపించింది.

‘బెల్టు ఒరుసుకుపోయింది నాయనా, కొబ్బరి నూనె రాస్తే పోతుంది’ అంది నాయనమ్మ. తండ్రి ఇంటికి వెళ్లటానికి బండి మాట్లాడుకోవటానికి సిద్ధమవుతున్నాడు. పాపను ఒక్కరోజు ఉంచమని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. సాయంత్రానికి రెండుసార్లు పచ్చగా వాంతి చేసుకుంది. పొట్ట బిగుసుకుంది. నాడి వేగం పెరిగింది. జిల్లా ఆసుపత్రికి పంపితే, అక్కడి సర్జన్లు ఆ రాత్రే పొట్ట తెరిచి, చిన్నపేగుకు పడిన చిల్లిని కుట్టారు. పది రోజులకు పాప ఇంటికి వెళ్లింది.

తర్వాత కుట్లు చూపించుకోవటానికి వచ్చినప్పుడు ఆ పిల్లను అడిగాను, పొద్దున నొప్పి ఉందని ఎందుకు చెప్పలేదని. ‘అమ్మ దేవుడికి దండం పెడుతోంది కదా’ అంది. అమ్మ అంత సంతోషంగా ఉన్నప్పుడు మళ్లీ ఏడిపించటం ఎందుకని ఆ తొమ్మిదేళ్ల బుర్రకు తోచింది. పెద్దవాళ్ల ముఖం చూసి తమ బాధను సర్దుకునే పిల్లలు మనం అనుకునేదానికన్నా ఎక్కువే. అందుకే ‘నీకేం కాలేదు కదా?’ అని అడగొద్దు. ఆ ప్రశ్నలోనే జవాబుంది. ‘ఎక్కడెక్కడ నొప్పిగా ఉందో వేలుతో చూపించు’ అని అడగండి.

బెల్టు వల్లే కదా గాయమైందని కొందరికి అనిపించొచ్చు. నిజానికి బెల్టు లేకపోతే ఆ పాప ముందు సీటుకో, అద్దానికో వెళ్లి కొట్టుకునేది. బతికించింది బెల్టే. చిక్కేమిటంటే, కార్లలో ఉండే బెల్టు పెద్దవాళ్ల ఒళ్లు కొలతతో తయారైంది. పెద్దవాళ్లలో దాని కింది పట్టీ తుంటి ఎముకల మీద ఆనుతుంది. పిల్లల్లో పైకి జారి మెత్తటి పొట్ట మీదికి వస్తుంది. కారు ఉన్నపళంగా ఆగినప్పుడు ఒళ్లు ముందుకు వంగి, పేగులు బెల్టుకూ వెన్నెముకకూ మధ్య నలుగుతాయి. కొన్నిసార్లు నడుము దగ్గరి వెన్నుపూస కూడా విరుగుతుంది. కాబట్టి పొట్ట మీద బెల్టు ఆనవాలు కనిపించిన ఏ బిడ్డనైనా, ఎంత చలాకీగా ఉన్నా, ఆసుపత్రిలో కొన్ని గంటలు కనిపెట్టుకుని ఉండాల్సిందే.

పిల్లల ఒళ్లు బాధను దాచిపెడుతుంది

పిల్లలు చిన్న సైజు పెద్దవాళ్లు కారు. వారి ఎముకలు లేత వెదురు బద్దల్లాంటివి. వంగుతాయి, వెంటనే విరగవు. వినటానికి బాగానే ఉంటుంది గానీ దీని అర్థం వేరు. పక్కటెముక ఒక్కటీ విరగకుండానే లోపల ఊపిరితిత్తి కమిలిపోవచ్చు. ఎక్స్‌రేలో మెడ ఎముకలు బాగున్నట్టే కనిపిస్తున్నా లోపల వెన్నుపాము దెబ్బతిని ఉండొచ్చు. కాలేయం, ప్లీహం పిల్లల్లో పక్కటెముకల చాటు నుంచి కాస్త కిందికి ఉంటాయి. పొట్ట గోడ పల్చన. లోపలి అవయవాలకు అడ్డు తక్కువ.

రక్తం సంగతి మరీ మోసం. బిడ్డ ఒంట్లో కిలో బరువుకు సుమారు 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. ఇరవై కిలోల పిల్లవాడికి లీటరున్నరకు కొంచెం ఎక్కువ. ఇందులో దాదాపు మూడో వంతు పోయేదాకా పిల్లల్లో రక్తపోటు పడిపోకపోవచ్చు. గుండె వేగంగా కొట్టుకుంటూ, చేతులకూ కాళ్లకూ వెళ్లే రక్తనాళాలు ముడుచుకుంటూ నెట్టుకొస్తాయి. ఆ తర్వాత ఒక్కసారిగా కూలిపోతారు. బీపీ మిషన్‌లో అంకె బాగుంది కదా అని ఊరట పడటానికి లేదు. అరచేతులు, పాదాలు చల్లగా ఉన్నాయా? గోరు నొక్కి వదిలితే మళ్లీ ఎరుపు రావటానికి రెండు సెకన్లు దాటుతోందా? ఆటలంటే పడిచచ్చే పిల్లవాడు ఊరికే మగతగా పడుకుంటున్నాడా? ఈ మూడూ ఇంట్లో ఎవరైనా చూడగలిగేవే.

ప్లీహం గాయం ఇంకో రకం మాయ చేస్తుంది. పొట్ట ఎడమ పైభాగంలో ఉండే ఈ అవయవం చీలినా, పైపొర రక్తాన్ని కొంతకాలం లోపలే ఆపి ఉంచగలదు. కొందరిలో రోజులు గడిచాక అది పగులుతుంది. పొట్టలో దెబ్బ తగిలిన పిల్లవాడు భుజానికి ఏమీ తగలకుండానే ఎడమ భుజం నొప్పి అంటుంటే పెయిన్‌బామ్‌ రాసి ఊరుకోవద్దు. పొట్టలో చేరిన రక్తం ఉదరవితానాన్ని రేపితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది.

తల విషయానికొస్తే, దెబ్బ తగిలాక కాసేపు స్పృహ తప్పి, మళ్లీ మామూలుగా మాట్లాడి, బిస్కెట్లు తిని, కొన్ని గంటల తర్వాత మగతలోకి జారిపోవటం మనందరం భయపడే తీరు. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం గడ్డకడుతుంటే ఇలా జరుగుతుంది. మధ్యలోని ఆ ‘మంచి’ గంటలే ఇంటివారిని మోసం చేసేవి. మాటిమాటికీ వాంతి, పెరుగుతున్న తలనొప్పి, ఫిట్స్‌, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలా కారటం, ఒక కంటి పాప పెద్దదవటం, నడక తూలటం, అయినవారిని పోల్చుకోలేకపోవటం, చంటిపిల్లలైతే పాలు తాగకుండా ఆగకుండా ఏడవటం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగొద్దు. నిద్రపోనివ్వకూడదన్న మాట మాత్రం అంత నిజం కాదు. అలసిన బిడ్డను పడుకోనివ్వొచ్చు. డాక్టరు చెప్పినంత తరచుగా లేపి, పేరు పెట్టి పిలిస్తే మామూలుగా పలుకుతున్నాడో లేదో చూస్తే చాలు.

పొట్టలో దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే, పరీక్ష అయ్యేదాకా ఇడ్లీ, పాలు, కొబ్బరినీళ్లు ఏవీ పట్టొద్దు. ఆపరేషన్‌ అవసరమైతే మత్తు ఇవ్వటానికి ఖాళీ కడుపు కావాలి. మెడికల్‌ షాపులో అడిగి నొప్పి మాత్రలు వేయటం కూడా ఆపండి. ఐబుప్రొఫెన్‌, ఆస్పిరిన్‌ వంటివి రక్తస్రావాన్ని పెంచొచ్చు.

స్కాన్‌ తీసేస్తే సరిపోదా?

ఓపీలో రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇది. తలకు చిన్న దెబ్బ తగిలిన ప్రతి బిడ్డకూ సీటీ స్కాన్‌ తీయమని తల్లిదండ్రులు పట్టుబడతారు. తీయకపోతే ప్రభుత్వాసుపత్రిలో పట్టించుకోలేదంటారు. పిల్లల మెదడుకు రేడియేషన్‌ మంచిది కాదు. స్పృహ తప్పకుండా, వాంతులు లేకుండా, ప్రవర్తనలో తేడా లేకుండా, పుర్రె విరిగిన ఆనవాళ్లేవీ లేకుండా ఉన్న పిల్లల్లో చాలామందికి నాలుగైదు గంటలు దగ్గరుండి గమనించటమే స్కాన్‌ కన్నా మేలు. ఎవరికి తీయాలో, ఎవరికి అక్కర్లేదో తేల్చే పద్ధతులు మాకు ఉన్నాయి.

పొట్ట అల్ట్రాసౌండ్‌ది ఇంకో కథ. అది లోపల రక్తం చేరిందేమో చెప్పగలదు గానీ పేగుకు పడిన చిన్న చిల్లి దానికి దొరకకపోవచ్చు. పైన చెప్పిన పాపకు పొద్దున తీసిన అల్ట్రాసౌండ్‌ బాగానే ఉంది. ఆమెను పట్టిచ్చింది యంత్రం కాదు, గంటగంటకూ పొట్ట మీద చేయి వేసి చూసిన మా స్టాఫ్‌నర్సు. రిపోర్టు బాగుందని ఇంటికి వెళ్లినా, మూడు రోజుల పాటు బిడ్డ తిండి, మూత్రం, వాంతి, నడక, నిద్ర ఒక కంట కనిపెట్టి ఉండాలి. మూత్రంలో ఎర్రదనం కనిపిస్తే కిడ్నీకి దెబ్బ తగిలి ఉండొచ్చు.

పిల్లల హడావుడిలో పెద్దలు

పిల్లలు క్షేమమని తెలిస్తే తల్లిదండ్రులు తమ ఒంటిని మరిచిపోతారు. స్టీరింగ్‌ ఛాతీకి గట్టిగా తగిలిన తండ్రికి ఒక ఈసీజీ తీయాలి. గుండె కండరం కమిలితే లయ తప్పొచ్చు. మెడ నొప్పి చాలామందికి ఆ రోజు ఉండదు, మర్నాడు పొద్దున లేవబోతే తెలుస్తుంది. మెడ పట్టేయటం వరకైతే కొద్ది వారాల్లో తగ్గుతుంది. కానీ చేతులు తిమ్మిరెక్కుతున్నా, పట్టు సడలినా వెంటనే రావాలి.

గర్భిణి అయితే ఒంటి మీద గీత కూడా లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ముఖ్యంగా అయిదో నెల దాటితే. కుదుపుకు మాయ గర్భాశయం గోడ నుంచి విడిపోయే ప్రమాదముంది. కనీసం నాలుగు గంటలు బిడ్డ గుండె కొట్టుకోవటాన్ని గమనించాలి. తల్లిది నెగెటివ్‌ రక్తం గ్రూపైతే యాంటీ-డి ఇంజెక్షన్‌ అవసరం పడుతుంది. ఈ విషయం గుర్తుపెట్టుకుని మీరే అడగండి.

ఇక నాయనమ్మలు, తాతయ్యలు. గుండెకు స్టెంటు వేసినవారు, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. కారులో తల కిటికీకి చిన్నగా తగిలినా వీరిలో మెదడు పొరల మధ్య రక్తం చాలా నెమ్మదిగా చేరుతూ, మూడు నాలుగు వారాల తర్వాత బయటపడొచ్చు. అప్పటికి ప్రమాదం సంగతే అందరూ మరిచిపోయి ఉంటారు. పెద్దావిడ మాట తడబడుతోందని, నడక మందగించిందని, పగలంతా నిద్రపోతోందని తీసుకొస్తారు. ‘వయసైపోయింది కదండీ’ అంటారు. ఈ మధ్య ఎక్కడైనా తల తగిలిందా అని అడిగితే అప్పుడు గుర్తొస్తుంది. పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి ఆ రక్తం తీసేస్తే వీరిలో చాలామంది మళ్లీ మామూలు మనుషులవుతారు.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి రానివారూ ఉన్నారు. రోడ్డు ప్రమాద బాధితులు వస్తే మేం రిజిస్టరులో రాసి పోలీసులకు తెలియజేస్తాం. అంతమాత్రాన మీ మీద కేసు పెట్టినట్టు కాదు. రేపు బీమా అడగాలన్నా ఆ కాగితమే ఆధారం. లాంఛనాల కోసం చికిత్స ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2025 మేలో కేంద్రం అమల్లోకి తెచ్చిన పథకం కింద ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, ఒక్కొక్కరికి 1.5 లక్షల రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స అందుతుంది. పథకంలో ఉన్న ఆసుపత్రి ఏదో 108 సిబ్బందిని అడగొచ్చు.

‘బతికావు కదా, ఇంకెందుకు ఏడుపు?’

ఒంటి గాయాలు లేవని తేలాక ఇంటికి వెళతారు. దిష్టి తీస్తారు, గుమ్మడికాయ కొడతారు. పిల్లవాడు రాత్రి ఉలిక్కిపడి లేస్తే ‘దడుచుకున్నాడు’ అని తాయెత్తు కడతారు. నాకు వీటితో పేచీ లేదు. దడుపు అన్న మాటలో మన పెద్దవాళ్లు ఒక నిజాన్ని గుర్తించారు. భయం ఒంట్లో చేరి, రోజుల తరబడి ఉంటుందని. మా పాఠ్యపుస్తకాలు చెప్పేదీ అదే.

ప్రమాదం తర్వాత మొదటి కొన్ని వారాల్లో పిల్లల్లో మార్పు రావటం సహజం. పక్క తడపటం మానేసిన పిల్లవాడు మళ్లీ తడుపుతాడు. బొమ్మ కార్లను పదేపదే గుద్దించి ఆడతాడు. అమ్మ కొంగు వదలడు. బడికెళ్లే పాపకు పొద్దునే కడుపునొప్పి వస్తుంది. హారన్‌ మోగితే చెవులు మూసుకుంటుంది. ఇవన్నీ మెదడు జరిగినదాన్ని అరిగించుకునే క్రమంలో వచ్చేవి. చాలామందిలో నెల తిరిగేసరికి తగ్గుముఖం పడతాయి. నెల దాటినా తగ్గకపోతే, లేదా అంతకు ముందే తిండి, నిద్ర, బడి అన్నీ దెబ్బతింటే మానసిక వైద్యులను కలవాలి. టెలీ మానస్‌ నంబరు 14416కు ఫోన్‌ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. ఇలాంటి భయాలకు మాటలతో చేసే చికిత్సలు బాగా పనిచేస్తాయి. మొదటి నెలలో నిద్రమాత్రల కోసం పట్టుబట్టకండి. ప్రమాదాల వంటి ఘటనల తర్వాత తొలినెలలో డయజిపామ్‌ తరహా మందులు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో స్పష్టంగా చెప్పింది. పిల్లలకైనా, పెద్దలకైనా.

ఇంట్లో చేయాల్సింది పెద్దగా లేదు. ఎప్పటి వేళకు తిండి, ఎప్పటి వేళకు నిద్ర, కొన్ని రోజులు అమ్మానాన్నల పక్కన పడుకోనివ్వటం. అడిగితే నిజం చెప్పటం, అడగకపోతే తవ్వకపోవటం. మన దగ్గర పెద్ద చిక్కు పరామర్శలు. వచ్చిన ప్రతి బంధువు ముందూ ‘ఎలా జరిగిందో మామయ్యకు చెప్పమ్మా’ అని పిల్లలతో కథ చెప్పించటం, ఫోనులో నుజ్జయిన కారు వీడియో తిప్పితిప్పి చూపించటం దయచేసి మానండి. ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పించేస్తే మనసు తేలికపడుతుందన్న నమ్మకం ఒకప్పుడు వైద్యుల్లోనూ ఉండేది. పరిశోధనల్లో అది నిలబడలేదు.

ఈ కుటుంబాల్లో నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసేది మాత్రం ఆ తండ్రులు. కారు నడిపింది తను. పిల్లలు బతికారన్న సంతోషం, పిల్లలను చంపబోయానన్న అపరాధ భావం ఒకే గుండెలో పక్కపక్కనే ఉంటాయి. చుట్టూ ఉన్నవారు మొదటిదాన్నే చూస్తారు. ‘అందరూ బాగున్నారు కదా, దేవుడు చల్లగా చూశాడు’ అంటారు. ఇక రెండోది ఎవరికి చెప్పుకోవాలి? రాత్రి మూడింటికి లేచి కూర్చుంటాడు. పిల్లల గదిలోకి వెళ్లి ఊపిరి ఆడుతోందో లేదో చూస్తాడు. నెల తర్వాత బీపీ పెరిగిందని, గుండె దడగా ఉందని నా దగ్గరికి వస్తాడు. పరీక్షలన్నీ బాగానే ఉంటాయి. ఆ తెల్లవారుజాము గురించి అడిగితే మాత్రం ముఖం పక్కకు తిప్పుకుంటాడు. ఇలాంటివారిలో కొందరు మందుకు దగ్గరవుతారు. భార్యలు ఈ మార్పును ముందుగా పసిగడతారు, కాబట్టి వారికే చెబుతున్నాను. ‘మీ తప్పేం లేదండీ’ అని కొట్టిపారేయకండి. ఆయన నమ్మడు. చెప్పేది చెప్పనివ్వండి. అవసరమైతే డాక్టరు దగ్గరికి తీసుకురండి.

కృతజ్ఞతకూ వైద్యంలో చోటుంది. 2003లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్‌ ఎమన్స్‌, మైఖేల్‌ మెకల్లౌ కొందరితో వారం వారం తాము దేనికి కృతజ్ఞులమో రాయించారు. చిరాకులు రాసినవారితో పోలిస్తే వీరికి జీవితం మీద తృప్తి ఎక్కువగా కనిపించింది, ఒంటి బాధల గురించి చెప్పటం తక్కువైంది. ప్రమాదంలోంచి బయటపడినవారి మీద చేసిన అధ్యయనం కాదిది, కాబట్టి దీన్ని మందు చీటీలా రాసివ్వను. పైగా కృతజ్ఞత లోపలి నుంచి రావాలి గానీ ఇంకొకరు అడిగి ఇప్పించుకునేది కాదు. భయంతో ఏడుస్తున్న పిల్లవాడితో ‘బతికావు, సంతోషించు’ అంటే వాడు ఏడుపు మానతాడేమో గానీ భయం మానడు. ‘నాక్కూడా భయమేసింది. ఇప్పుడు మనందరం కలిసే ఉన్నాం’ అంటే రెండూ చెప్పినట్టే.

అద్దం పగలగొట్టిన చేయి

కృతజ్ఞత దేవుడికి చేరాక, మధ్యలో ఆగిపోయే మనిషి ఒకడుంటాడు. ఆపి, లాగి, తీసుకొచ్చినవాడు. పైన చెప్పిన లారీ డ్రైవరు మేం తల ఎత్తేసరికి వెళ్లిపోయాడు. సరుకు దించాల్సిన వేళ ఉంటుంది, పోలీసుల ప్రశ్నల భయం ఉంటుంది. గాజు గీసుకుని అతని చేతికీ రక్తం కారుతోందని తర్వాత మా వార్డుబాయ్‌ చెప్పాడు. కట్టు కట్టించుకోకుండానే పోయాడు.

అలా వెళ్లాల్సిన అవసరం ఇప్పుడు లేదు. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్‌ ఇలాంటివారికి రక్షణ ఇస్తున్నాయి. పేరు, చిరునామా చెప్పాలని ఆసుపత్రి గానీ పోలీసులు గానీ బలవంతం చేయకూడదు. చికిత్స ఖర్చు కట్టమనకూడదు. ప్రాణాపాయంలో ఉన్నవారిని మొదటి గంటలో ఆసుపత్రికి చేర్చినవారికి కేంద్రం 2021లో ప్రకటించిన 5,000 రూపాయల బహుమతిని 2025లో 25,000కు పెంచారు. మీ ఇంట్లో లారీ, ఆటో నడిపేవారుంటే ఈ పేరా చదివి వినిపించండి. చేతికి దెబ్బ తగిలితే మా దగ్గర టీటీ ఇంజెక్షన్‌, కట్టు ఉచితమేనని కూడా చెప్పండి.

మళ్లీ కారెక్కేటప్పుడు

కొన్ని వారాల తర్వాత ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ కారెక్కాలి. భయపడే పిల్లలను మొదటిరోజే దూరప్రయాణానికి తీసుకెళ్లొద్దు. ఆగి ఉన్న కారులో కూర్చుని కబుర్లు చెప్పుకోవటం, తర్వాత వీధి చివరిదాకా, ఆ తర్వాత అమ్మమ్మ వాళ్లింటిదాకా. ఏ మెట్టు దగ్గర ఆగాలో పిల్లలను చెప్పనివ్వండి.

కూర్చోబెట్టే తీరు మాత్రం మారాలి. ఒళ్లో బిడ్డ భద్రంగా ఉంటుందన్నది మనకున్న అతి పెద్ద భ్రమ. లెక్క వేయండి. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. గుద్దుకున్న కారు సెకనులో పదోవంతులో ఆగితే, పది కిలోల బిడ్డ ఆ క్షణంలో 140 కిలోల బరువై చేతుల్లోంచి ముందుకు దూసుకుపోతుంది. ఏ తల్లీ పట్టి ఆపలేదు. ఇదే వేగం మూడంతస్తుల మీది నుంచి పడటంతో సమానం. ఆ నాలుగేళ్ల బాబు రెండు కుట్లతో బయటపడటం అదృష్టం. దాన్ని అదృష్టంగానే చూడాలి, ఒళ్లో కూర్చోబెట్టటానికి సాక్ష్యంగా కాదు.

చంటిపిల్లలకు వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండే బేబీ సీటు. ఎయిర్‌బ్యాగ్‌ ఉన్న ముందు సీట్లో దాన్ని ఎప్పుడూ బిగించొద్దు, తెరుచుకునే బ్యాగే ప్రాణం తీయగలదు. కొంచెం పెద్దయ్యాక ముందుకు తిరిగిన సీటు. ఆ తర్వాత, సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా, కింద ఎత్తుపీటలా ఉండే బూస్టరు. బెల్టు పొట్ట మీద కాకుండా తొడలు, తుంటి మీద ఆనటానికే అది. ఆ పాపకు బూస్టరు ఉంటే బహుశా పేగు కుట్టాల్సిన పని ఉండేది కాదు. బేబీ సీట్లతో పసిపిల్లల మరణాలు 71 శాతం దాకా తగ్గించొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ధర ఎక్కువే, కాదనను. ఇంట్లో పిల్లలు ఎదిగాక తమ్ముడి పిల్లలకు, చెల్లెలి పిల్లలకు ఇస్తూపోతే ఒక సీటు చాలాకాలం వస్తుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను బెల్టు గానీ బేబీ సీటు గానీ లేకుండా తీసుకెళితే వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉంది. మన రోడ్ల మీద దీన్ని అడిగినవారిని నేనింతవరకూ చూడలేదు.

వెనక కూర్చున్న పెద్దలకూ బెల్టు తప్పదు. 2022 సెప్టెంబరులో పాల్‌ఘర్‌ దగ్గర ప్రమాదంలో మరణించిన పారిశ్రామికవేత్త సైరస్‌ మిస్త్రీ వెనక సీట్లోనే ఉన్నారు. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు తెలిపారు. బెల్టు లేని పెద్దమనిషి వెనక నుంచి వచ్చి పడితే ముందున్న పిల్లవాడికీ ముప్పే.

బండి మీద నలుగురం వెళ్లేవాళ్లం, మాకీ బూస్టర్ల గోల ఎందుకంటారా? నాలుగేళ్ల లోపు పిల్లలను బండి మీద తీసుకెళ్లేటప్పుడు నడిపేవారికి కట్టి ఉంచే పట్టీ, తొమ్మిది నెలలు దాటితే తలకు సరిపోయే హెల్మెట్‌ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు మించొద్దని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. ఇంకో సంగతి. గట్టి ప్రమాదంలో బిగుసుకున్న సీటుబెల్టు, అందులో ఉన్న బేబీ సీటు, నేలకు కొట్టుకున్న హెల్మెట్‌ పైకి ఎంత బాగున్నా మళ్లీ వాడొద్దు. లోపల సన్నటి పగుళ్లు ఉంటాయి. కారు రిపేరుకు ఇచ్చినప్పుడు బెల్టులు కూడా మార్చమని అడగండి. బీమా కంపెనీకి ఇచ్చే వివరాల్లో బేబీ సీటునూ రాయించండి.